తాత బొమ్మలకు నేను వేసిన టేపు

నా చిన్నప్పుడు ఒక ఎండాకాలం, మా ఇంటి రేకుల మీద నాలుగు రకాల టేపు ముక్కలు నెల రోజులు ఎండాయి. మా పెద్దనాయిన వాటిని పనికిరాని ఫిల్ము ముక్కలకు అతికించి, ఒక చెక్క పలకకు బిగించి, తానే నిచ్చెన ఎక్కి పెట్టి వచ్చాడు. పలకను ముట్టుకుంటే వీపు పగులుతుందని నాకు ముందే చెప్పాడు. చెప్పకపోయినా ముట్టుకునేవాణ్ణి కాదు. మా దిక్కు ఎండాకాలం మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదు.

మాది మక్తల్‌కు దగ్గర్లో నేతపని ఊరు. తాతా, నాయినా ఇద్దరూ గుంట మగ్గం మీద చీరలు నేసేవారు. పెద్దనాయిన ఒక్కడే మగ్గం దిగి ఫొటోల పని పట్టాడు. బజార్లో చిన్న స్టూడియో ఉండేది. పెళ్లిళ్లకూ, దరఖాస్తులకూ ఫొటోలు తీసి బతికేవాడు. ఆయన పిచ్చి మాత్రం వేరే. హైదరాబాదులో ఎవరి దగ్గరో పాతది కొనుక్కొచ్చిన రెండు కళ్ల కెమెరా ఒకటి ఆయన దగ్గర ఉండేది. మన రెండు కళ్లు చూసినట్టే అది ఒకే దృశ్యాన్ని కొద్ది తేడాతో రెండు బొమ్మలుగా తీస్తుంది. ఆ రెండు రంగు ఫిల్ము ముక్కలను ఒక అట్టలో పక్కపక్కన కూర్చి, కళ్లకు ఆనించుకునే చిన్న పెట్టెలో పెట్టి చూస్తే బొమ్మకు లోతు వస్తుంది. మగ్గం మీది పోగులు వేలికి తగిలేట్టు లేచి కనబడతాయి.

కష్టమంతా ఆ కూర్చడంలోనే ఉంది. జతలో ఒక ముక్క వెంట్రుకవాసి జరిగినా చూసేవాళ్ల కళ్లు లాగుతాయి, బొమ్మ రెండుగా విడిపోతుంది. ఫిల్మును అట్టకు పట్టి ఉంచేది చిటికెన వేలి గోరంత టేపు ముక్క. అది మా ఎండలకు ఆగాలి. అందుకే రేకుల మీద ఆ పరీక్ష. పలక మీద ఉన్నవి బడి పుస్తకాలు చినిగితే వేసే టేపు, దవాఖానలో గాయాలకు వేసే గుడ్డ పట్టీ, కరెంటు పనివాళ్ల నల్ల టేపు, కాలిపోయిన బోరు మోటార్లకు కొత్త తీగ చుట్టే షాపులో అడిగి తెచ్చిన పల్చటి పసుపు టేపు.

నెల దాటాక పెద్దనాయిన పలక దించి నన్నూ, అక్కనూ పిలిచాడు. అక్క అంటే నాకు తోబుట్టువు కాదు. ఊరి చివర వాడలోని క్రైస్తవుల అమ్మాయి. తల్లీతండ్రీ కూలికి పోయేవారు. పదో తరగతి పాసై ఇంట్లో ఉంటే, చేతిపని చక్కగా ఉందని పెద్దనాయిన ఆమెను ఫిల్ముల పనికి పెట్టుకున్నాడు. ఆ పని మా ఇంటి వెనక గదిలోనే జరిగేది. నాయిన తల్లి, మా అవ్వకు అది ఇష్టం లేదు. అక్క నీళ్లు తాగే గ్లాసు వేరేగా కిటికీ మీద ఉండేది. అప్పట్లో నాకు అది తప్పుగా తోచలేదు. నిజం రాయడానికి కూర్చున్నాను కాబట్టి ఆ సంగతి కూడా రాస్తున్నాను.

"చూడుండ్రి," అన్నాడు పెద్దనాయిన. "గీ పుస్తకాల టేపు మొదటి దినం అన్నిటికన్న మంచిగుండె. గిప్పుడు జూడు, బంక కారి ఫిల్మంత పాకింది."

గుడ్డ పట్టీ ముడుచుకుపోయింది. నల్ల టేపు చుట్టూ తారులాంటి మరక. మోటారు షాపు టేపు మాత్రం పెట్టినచోట పెట్టినట్టే ఉంది. ఇక అదే వాడాలన్నాడు. ఇంకో మాట కూడా చెప్పాడు. "ఒక్క అంచుకే ఎయ్యాలె బిడ్డా. ఎండకు ఫిల్ము పెరుగుతది. దానికి జర జాగా ఇడువాలె."

అక్క గాజు పలక మీద టేపు పరిచి, సగం బ్లేడుతో గీతలా కోసేది. బంక వైపు వేలు తగలనిచ్చేది కాదు. నేను పక్కన కూర్చుని చూస్తుంటే, "ఊపిరి గట్టిగ ఇడువకు తమ్మీ, ఫిల్ము ఎగిరిపోతది" అనేది. నాకు అప్పుడు పదకొండేళ్లు.

ఆ వానాకాలం పెద్దనాయిన తాతను మగ్గం మీద కూర్చోబెట్టి ఒక రీలంతా తీశాడు. చేతులు, నాడె, మునివేళ్లతో పోగు ముడివేసే తీరు, అన్నీ తీశాడు. ఆ ఫిల్ము కడగడానికి బొంబాయి పోవాలి. అది తిరిగి వచ్చేలోపే తాత పోయాడు. మా ఇంట్లో తాతకు రంగు బొమ్మలు అవి తప్ప వేరే లేవు.

మొత్తం ఇరవై జతలు వచ్చాయి. శనివారం అక్క ఎనిమిది జతలు కూర్చింది. ఆదివారం ఆమె చర్చికి పోతుంది, పనికి రాదు. పెద్దనాయిన స్టూడియో సరుకుకు హైదరాబాదు పోయాడు. ఆ ఆదివారమే నేను మా నాయిన నాడెను చీల్చాను. మగ్గంలో పోగును మోసుకుంటూ అటూ ఇటూ పరుగెత్తే చెక్క అది. నాయిన అంగడికి పోయినప్పుడు దాన్ని పడవ చేసి బండ మీద తోస్తూ ఆడుతుంటే గోడకు తగిలి పక్కన చీలింది. నాయిన చెయ్యి ఎంత బరువో నాకు తెలుసు. వెనక గదిలోకి పోయి పసుపు టేపు తెచ్చి చీలిక మీద చుట్టాను. ఎక్కడా పోగు పట్టకుండా నున్నగా వచ్చింది. నమ్మకం చాలక ఇంకా చుట్టాను. చూస్తే టేపు అయిపోయింది. నాడెను మిగతా నాడెల అడుగున దాచాను.

సోమవారం అక్క వచ్చి టేపు ఏదంటే నాడె బయట పడుతుంది. మిగిలిన పన్నెండు జతలూ నేనే కూర్చేస్తే టేపు దానికే అయిపోయిందనుకుంటారు. అదీ నా లెక్క. బడి సంచిలో నుంచి పుస్తకాల టేపు తీశాను. బ్లేడు ముట్టుకోవద్దన్నారు కాబట్టి పళ్లతో కొరికాను. గట్టిగా ఉండాలని నాలుగు అంచులకూ వేశాను. ఆపైన అట్టలు మూసి అంటించేశాను. పెట్టెలో పెట్టి చూస్తే తాత నా ఎదురుగా కూర్చున్నట్టే ఉన్నాడు. అక్క చేసినవాటికీ, నేను చేసినవాటికీ తేడా కనబడలేదు.

సోమవారం అక్క వచ్చి, అంటించిన అట్టలు చూసి ఆశ్చర్యపోయింది. "ఎవలు చేసిన్రు?"

"నేనే."

"ఏ టేపు ఏసినవ్?"

"గదే అక్కా. గది అయిపోయింది."

ఒక జత కళ్లకు ఆనించుకుని చూసింది. "అబ్బో, నా పనికి ఎసరు పెట్టేటట్టున్నవు గదరా," అని నవ్వి, తను తెచ్చుకున్న పల్లీపట్టీ విరిచి సగం ఇచ్చింది. మంగళవారం పెద్దనాయిన తిరిగొచ్చి ఆమెను మెచ్చుకుంటే, పన్నెండు నేను చేసినవేనని చెప్పింది. పెద్దనాయిన నమ్మలేదు. "వీడా? వీనికి నాడెల పోగు ఎక్కియ్యరాదు," అన్నాడు. ఆ మాటకు నాకు నిజంగా కోపం వచ్చింది.

అందరం ఒక్కొక్కరం బొమ్మలు చూశాం. అవ్వ పెట్టెను చాలాసేపు కళ్ల నుంచి తీయలేదు. తర్వాత వాటిని రేకుల గదిలో ట్రంకులో భద్రంగా పెట్టారు. మళ్లీ ఎండాకాలం వచ్చి పోయింది.

తాత పోయి ఏడాదైన రోజు చుట్టాలంతా వచ్చారు. తిండ్లయ్యాక పెద్దనాయిన అక్కను కూడా పిలిపించి, ట్రంకు తెరిచాడు. అప్పటికే మహబూబ్‌నగర్‌లో పెద్ద స్టూడియో వాళ్లతో ఆమె గురించి మాట్లాడి పెట్టాడు. ఆ వారంలోనే ఆమె అక్కడ ఉద్యోగంలో చేరాలి. ఆ రోజు చుట్టాల ముందు ఆమె పని చూపించాలని ఆయన సంబరం.

మొదటి ఎనిమిది బాగున్నాయి. తొమ్మిదోది చూసిన మా మేనత్త, "ఏందిది, నాయినకు రెండు తలలున్నయి?" అంది. పదోది మసక. పెద్దనాయిన అట్ట విప్పాడు. బంక కారి ఫిల్ము మీదికి పాకింది. ఫిల్ము వంకరపోయి అట్టకు అతుక్కుంది. మెల్లగా లాగితే రంగు ఊడి, తాత ముఖం అట్ట మీదే ఉండిపోయింది. పన్నెండూ అంతే.

అవ్వ ముందుగా అంది. "నేను చెప్తే ఇన్నవా? వాడ పిల్లను తెచ్చి లోపల కూసుండవెడితివి."

పెద్దనాయిన అక్క వైపు తిరిగాడు. "గీ టేపు ఎందుకేసినవ్ బిడ్డా? రేకుల మీద పెట్టి సూపిచ్చిన గదా నీకు."

"అవి నేను చేసినయి కావు సారూ. గప్పుడే చెప్పిన."

పెద్దనాయినకు గుర్తొచ్చింది. నన్ను అడిగాడు. "నువ్వు చేసినవార?"

చుట్టాలంతా నా వైపు చూశారు. నాయిన కూడా చూశాడు. అక్క కూడా చూసింది. ఆమె చూపులో బెదిరింపు లేదు. చెప్తాననే నమ్మకంతో చూసింది. నేను, "నేను చెయ్యలే. అక్కనే చేసింది. ఊకెనే నా పేరు చెప్తాంది," అన్నాను.

ఆమె చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది. మళ్లీ మా ఇంటికి రాలేదు. మహబూబ్‌నగర్ స్టూడియో వాళ్లకు పెద్దనాయిన వద్దని చెప్పి పంపాడు. కొన్నాళ్లకు ఆమెకు పెళ్లయి కోస్గి దిక్కు పోయిందని విన్నాను. టేపు కొసలు చూస్తే నిజం తెలిసేది. ఆమెవి బ్లేడుతో కోసినవి, నావి పళ్లతో కొరికినవి. మా ఇంట్లో ఎవరూ చూడలేదు, లేదా చూడాల్సిన అవసరం వాళ్లకు కనబడలేదు. నా మాట నిలబడింది నేను బాగా చెప్పినందుకు కాదు. ఆమె వాడ పిల్ల కావడం వల్ల నిలబడింది. ఆ సంగతి పన్నెండేళ్లకే నాకు తెలుసు. తెలిసే ఆ మాట అన్నాను.

ఇక్కడితో ఆగితే ఇది ఒక పిల్లవాడి తప్పుగా మిగిలేది. ఆగలేదు. తెలంగాణ వచ్చాక, మా ఊరు కొత్త జిల్లాలోకి వచ్చాక, మొన్నామధ్య చేనేత మీద అక్కడొక ప్రదర్శన పెట్టారు. నేను షాద్‌నగర్‌లో ఉద్యోగం చేస్తున్నాను. పెద్దనాయిన ఇప్పుడు లేడు. ఆయన పెట్టె, మిగిలిన ఎనిమిది జతలు నా దగ్గరే ఉన్నాయని తెలిసి రమ్మన్నారు. బడి పిల్లలు వరుస కట్టి చూశారు. నాకు శాలువా కప్పారు. రీలులో ఎనిమిదే ఎందుకు మిగిలాయని ఒక పిల్లవాడు అడిగాడు. నా చేతిలో మైకు ఉంది. "అప్పుడు మా పెద్దనాయిన దగ్గర పనిచేసే ఒకామె తప్పు టేపు వేసింది," అన్నాను. అడ్డుపడేవాళ్లు ఎవరూ లేరు, నన్ను తొందర పెట్టినవాళ్లూ లేరు. అన్నం తిన్నంత సులువుగా వచ్చేసింది ఆ మాట.

సభ అయ్యాక ఒక యువతి దగ్గరికి వచ్చింది. కోస్గిలో టీచరట, పిల్లలను తీసుకొచ్చింది. "సార్, గా ఒకామె మా అమ్మ," అంది. "తప్పు టేపు తను ఎయ్యలేదని అమ్మ మాకు చిన్నప్పటి సంది చెప్పేది. ఎవరేసిన్రంటే మాత్రం ఎన్నడూ చెప్పలే." అంతే అని పిల్లలను వరుసలో పెట్టుకుని బస్సు దగ్గరికి పోయింది. ఆమె అమ్మ చేతిపనికి నేను శాలువా కప్పుకుని నిలబడి ఉన్నాను.

రెండు వారాలు నిద్ర సరిగా లేదు. మూడో వారం కోస్గి పోయాను. అక్క జుట్టు తెల్లబడింది. నన్ను పోల్చుకుని, "రా తమ్మీ, కూసో," అంది. కూతురు కూడా అక్కడే ఉంది. నాడె దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. అక్క మధ్యలో ఆపలేదు. చెప్పడం అయ్యాక, "నాడె సంగతి నాకెరుక లేదు. కడమదంత ఎరికే," అంది.

క్షమించమని అడిగాను. ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని నా వైపు తిరిగింది.

"గప్పుడు నువ్వు పోరగానివి. మీ నాయిన కొడతడని అబద్ధమాడినవనుకున్న. మనసుల కెళ్లి తీసేసిన. మొన్న మైకుల ఎందుకన్నవ్? గిప్పుడు నిన్నెవరు కొడతరు?"

కూతురు చాయ్ తెచ్చి పెట్టింది. లేచి వస్తుంటే అక్క గడప దాకా వచ్చి, "నాకు చెప్తే ఏమొస్తది తమ్మీ, నాకు తెల్వనిదా? గాడ ఇన్నోళ్లకు చెప్పు," అంది. క్షమించానని గానీ, క్షమించలేదని గానీ అనలేదు.

అందుకే ఇది రాస్తున్నాను. ఆ ప్రదర్శన చూసినవాళ్లలో ఎవరైనా ఇది చదివితే దయచేసి సరిచేసుకోండి. మీరు చూసిన ఎనిమిది జతలూ ఆమె కూర్చినవి. పాడైన పన్నెండూ నేను కూర్చినవి.

ఆనాటి నుంచి నాతో వస్తున్నది ఒకటుంది. ఆఫీసులో ఏదైనా చెడిపోయి, ఎవరు చేశారని పై అధికారి అడిగితే, ఇప్పటికీ నా నాలుక మీదికి ముందు ఇంకొకరి పేరే వస్తుంది. పక్కన లేనివాళ్లది, అడగలేనివాళ్లది. దాన్ని మింగి నా పేరు చెప్పడం ఈ వయసులో నేర్చుకుంటున్నాను. ఇంకా సరిగా రాలేదు.