ఎడారి కథలో నేను దాటేసిన పేజీలు

మొన్న టార్నీట్‌లో మా అమ్మాయి ఇంట్లో మనవరాలి ఫోను తీసుకుని ఏదో చూస్తుంటే, ఒక పాత పుస్తకం అట్ట కనబడి నా వేలు ఆగిపోయింది. ఇసుక తిన్నెలు, ఒంటె, తలపాగా చుట్టుకున్న ఒక తెల్లదొర, ముసుగు చాటున ఒక పిల్ల.

పంతొమ్మిది వందల తొంభైకి కాస్త ముందు మేం అడిలైడ్‌లో అద్దె ఇంట్లో ఉండేవాళ్లం. హైదరాబాదు నడిబొడ్డున పెరిగినదాన్ని, కోపం ముక్కు మీదే ఉండేది, చేతిలో ఎప్పుడూ ఫోను ఉండేది. గోడకు తగిలించిన ఆ ఫోనుకు పొడుగాటి మెలికల తీగ వేయించుకుని, వంట చేస్తూనే సిడ్నీలో మా అక్కతో గంటలకొద్దీ మాట్లాడేదాన్ని. నాకు ఏడో నెలని గుంటూరు నుంచి వచ్చిన మా అత్తగారు వారం ఓపిక పట్టి, "ఏందమ్మాయ్, ఆ తీగతోనే బిడ్డకు ఉయ్యాల కట్టేట్టున్నావే!" అన్నారు. నేను నోటికొచ్చినట్టు అరిచాను. ఆవిడ వెంటనే కొడుకుని పిలిచి, టికెట్టు వచ్చే వారానికి మార్పించమన్నారు.

ఆవిడ వెళ్లిపోతే పురిటికి నాకు మరో దిక్కు లేదు. తప్పయిందని చెప్పడానికేమో నోరు రాదు. కౌన్సిల్ లైబ్రరీలో తెచ్చుకున్న ఆ పుస్తకం పట్టుకుని పక్కన చేరి, వందేళ్ల కిందట ఈజిప్టు ఎడారిలో ఒక రాజు సమాధిని వెతుక్కుంటూ వచ్చిన దొర గురించీ, అతనికి దారి చూపించే ఒంటెల బిడారు నాయకుడి కూతురి గురించీ తెలుగులో చెప్పడం మొదలెట్టాను. వారపత్రిక సీరియళ్లకు అలవాటు పడ్డ మనిషి కదా, మొహం అటు తిప్పుకునే చెవి ఇటు పడేశారు.

అయితే అత్తగారి ముందు కౌగిలింతలూ ముద్దులూ ఎలా చదవను? అవి వచ్చినచోటల్లా పేజీ తిప్పేశాను. మూడు రోజులకే కథలో ఇసుకా ఒంటెలూ మాత్రం మిగిలాయి. ఇసుక తుఫానులో దొర ఆ పిల్ల కోసం వెనక్కి పరుగెత్తాడనగానే ఆవిడ అడ్డం తగిలారు.

"దేనికంట? నీళ్ల తిత్తి ఆ పిల్ల దగ్గరుందా?"

"లేదండీ అత్తయ్యా... ఊరికే."

"ఊరికే ఎవుడన్నా చస్తాడా? నీ కథలో పస లేదమ్మాయ్. మా వాణ్ణి నా పెట్టె దించమను."

ఇక గతిలేక, పుస్తకం మొహానికి అడ్డం పెట్టుకుని, దాటేసిన పేజీలన్నీ వరసగా చదివాను. చెవులు కాలిపోతున్నాయి. చదవడం అయ్యాక పుస్తకం పక్కనుంచి తొంగి చూస్తే, ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతున్నారు.

"మీ మామగారు నన్ను చూడ్డానికి వరద కాలవ ఈదొచ్చాడు తెలుసా? పెట్టె దించొద్దులే. రేపు ఎక్కణ్ణుంచి?"

ఇంకా రెండు అధ్యాయాలు ఉండగానే నాకు నొప్పులొచ్చాయి. నేను ఆసుపత్రిలో ఉండగా మావారు గడువు తేదీ చూసి పుస్తకం లైబ్రరీకి ఇచ్చేసి వచ్చారు. తరవాత దాన్ని ఎవరో తీసుకెళ్లారు, మళ్లీ దొరకలేదు. పాపాయిని ఒళ్లో వేసుకుని అత్తగారే కథ ముగించారు: దొర సొంతూరు పోలేదంట, ఆ పిల్ల ఉన్నచోటే ఉండిపోయాడంట.

మనవరాలు నా చేతిలోంచి ఫోను లాక్కుంది. "ఎండింగ్ చెక్ చెయ్యనా అమ్మమ్మా? టూ సెకండ్స్!"

ముప్ఫై ఏళ్లకు పైగా తెలుసుకోవాలనే ఉంది. ఇప్పుడు ఏ కథ కావాలన్నా ఎవరి పక్కనా చేరి చదివి వినిపించనక్కర్లేదు, ఎవరి ముందూ సిగ్గుపడనక్కర్లేదు. అయినా వద్దన్నాను. ఆ దొర పడవెక్కి వెళ్లిపోయాడని తేలితే, పోయిన మా అత్తయ్యకి నేనేం చెప్పుకోను?