అంజినమ్మ వేలికి పది దినాల సెలవు

మా ఊరు అత్తిబెలెకు నాలుగు కిలోమీటర్లు. బెంగళూరు వాళ్లు దీన్ని పల్లె అంటారు, పల్లెల వాళ్లు బెంగళూరు అంటారు. ఇక్కడ నాకొక జిరాక్స్ అంగడి ఉంది. అందులో బ్యాంకు వాళ్లిచ్చిన వేలిముద్ర యంత్రం కూడా ఉంది కాబట్టి, ఇల్లాళ్ల ఖాతాల్లో ప్రభుత్వం నెలనెలా వేసే గృహలక్ష్మి డబ్బు పడిన రోజున ఊళ్లో ఆడవాళ్లంతా నా బల్ల ముందే ఉంటారు. వాళ్లు వేలు పెట్టాలి, యంత్రం ఒప్పుకోవాలి, నేను డబ్బివ్వాలి. ఈ పనికి ఓపిక కావాలి. నాకు లేదు. ఆ సంగతి బ్యాంకు వాళ్లు అడగలేదు, నేను చెప్పలేదు.

అంజినమ్మ నా ఓపికకు పెద్ద పరీక్ష. ఆమెకు యాభై ఆరేళ్లు. ముప్పై ఏళ్లుగా ఇంట్లోనే కూర్చుని ఊదుబత్తులు చుడుతోంది. పీట మీద నల్లటి ముద్ద పెట్టి, దాంట్లో పుల్లను అరచేత్తో దొర్లించాలి. రోజుకు మూడు వేల పుల్లలు. మిగిలిన పొద్దంతా గిన్నెలు, బట్టలు, ఆవు పేడ. అట్లా అరిగి అరిగి ఆమె బొటనవేలు వాడేసిన సబ్బుబిళ్లలా నున్నగా అయిపోయింది. పోయిన ఏడాది నాలుగైదు సార్లు నొక్కితే యంత్రం ఎట్లాగో ఒప్పుకునేది. మొన్న జూన్‌లో ఇరవై రెండు సార్లు నొక్కించాను. ఇరవై రెండు సార్లూ ఎర్ర దీపమే. మిగతా తొమ్మిది వేళ్లూ పెట్టించాను, అవీ అంతే.

"ఇంగోతూరి పెట్టక్కా, గట్టిగా."

"ఇంగెంత గట్టిగా ఛాయమ్మా, నేనే దాని లోపలికి దూరల్నా?"

వెనకున్న వాళ్లు నవ్వారు, నేను నవ్వలేదు. రేపు రమ్మన్నాను. ఆమె వెళ్లలేదు. అందరూ పోయేదాకా బెంచీ మీద కూర్చుని, అప్పుడు దగ్గరకొచ్చి నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది. లోపల ఒక్క పన్ను లేదు.

"ఉండిన నాలుగూ మూడు నెలల కింద పీకిచ్చేసినా. అత్తిబెలెలో శామ్యూల్ డాక్టరు పండ్ల సెట్టు చేసి పెట్టినాడు. పదహైదు వేలు. ఆరు వేలు కట్టినా, ఇంగ తొమ్మిది ఉండాది. నెలాఖరు లోపల రాకుంటే చిగుళ్లు మారిపోతాయంట, మళ్ల కొలత తియ్యల్లంట, మళ్ల దుడ్డంట."

అదీ సంగతి. పళ్లు అత్తిబెలెలో డబ్బాలో ఉన్నాయి. డబ్బు ఖాతాలో ఉంది. మధ్యలో ఈ బొటనవేలు అడ్డం. బ్యాంకుకు పోయినా లాభం లేదు, ఆమెకు సంతకం రాదు, ఖాతా తెరిచింది వేలిముద్రతోనే, అక్కడా ఇదే యంత్రం.

"నంజప్పన్నకు తెలుసునా?" అన్నాను. నంజప్ప ఆమె మొగుడు.

"ఆయప్పకి ఏం తెలుసు? నాలుగు పండ్లు పీకిచ్చుకొని, దవడ వాచిపోయి ఇంటికొస్తే, సంగట్లో ఉప్పు తక్కువైందన్నాడు."

నాకు ఒళ్లు మండింది. కానీ మండితే వేలి గీతలు పెరగవు కదా. అప్పుడు మా అత్త గుర్తొచ్చింది. ఆమె వేలు కూడా ఇట్లాగే ఆరు నెలలు పడలేదు. జ్వరమొచ్చి పది రోజులు మంచం దిగకుండా పడుకుంది. లేచి వచ్చి పెడితే ఒక్క దెబ్బకు పడింది. పని ఆపితే గీతలు మళ్లీ వస్తాయన్నమాట.

"పది దినాలు ఏ పనీ చెయ్యొద్దు. ఊదుబత్తి ముట్టొద్దు, గిన్నె తోమొద్దు, బట్ట ఉతకొద్దు. రాత్రిపూట కొబ్బరినూనె రాసుకో."

"పని ఎవురు చేస్తారు?"

"నంజప్పన్న ఉండాడు కదా."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఎంత నవ్విందంటే, కళ్లనీళ్లు తుడుచుకుంది.

నంజప్ప ఇరవై ఆరేళ్లు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా కూర్చున్నాడు. ఆ ఉద్యోగం అయిపోయాక టీ అంగడి దగ్గర కూర్చుంటున్నాడు. కూర్చోవడంలో ఆయనకున్న అనుభవం మా చుట్టుపక్కల ఎవరికీ లేదు. పిల్లలు వేరే కాపురాలు. ఇంట్లో తన కంచం తాను తీసిన మనిషి కాదు. అయినా ఒప్పుకున్నాడు. ఎందుకంటే ఆయనకు ఒక పాత మోపెడ్ మీద కన్ను పడింది. గృహలక్ష్మి డబ్బంతా ఖాతాలో దానికోసమే జమ అవుతోందని ఆయన నమ్మకం. భార్య పేరున వచ్చినా ఇంటికొచ్చిన డబ్బు మొగుడిదే అనేది ఆయనకు ఎవరూ నేర్పకుండానే వచ్చిన విద్య. అంజినమ్మ అబద్ధం చెప్పలేదు. "వేలు పెరిగితేనే దుడ్డు చేతికొస్తాది" అని మాత్రం అంది. మిగిలింది ఆయనే అనుకున్నాడు.

ఆ పది రోజులూ మా వీధికి వేరే వినోదం అక్కర్లేకపోయింది. మొదటి రోజు నంజప్ప వీధి కొళాయి దగ్గర గిన్నెలు తోముతుంటే టీ అంగడి మొత్తం లేచి వచ్చి చూసింది. రెండో రోజు తెల్లారకముందే తోమేశాడు. మూడో రోజు ఆవు ఆయన్ను దగ్గరకు రానివ్వలేదు. అంజినమ్మ గుమ్మంలో కూర్చుని ఆవుకు నచ్చజెప్పింది. సంగటి ఉండలు కట్టిందని ఆయనే వచ్చి ఊరంతా చెప్పుకున్నాడు, ఎవరైనా ఉపాయం చెబుతారేమోనని.

అంజినమ్మ బాధ ఇంకో రకం. చేతులు ఊరికే ఉంచుకోవడం ఆమెకు రాదు. గోరింటాకు పెట్టుకున్నదానిలా రెండు చేతులూ ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని నా అంగడి బెంచీ మీద కూర్చునేది. "బేజారైతాంది ఛాయమ్మా, ఆ కాయితాలన్నా మడతపెడతా" అనేది. నాలుగో రోజు ఆయన తోమిన కుండకు మసి ఉందని చూడలేక, దొంగతనంగా బూడిద పెట్టి రుద్దేసింది. నేను తిట్టిన తిట్లకు మా పక్క అంగడి వాడు షట్టరు సగం దించాడు.

ఏడో రోజు మధ్యాహ్నం నంజప్ప ఒక్కడే వచ్చాడు. మోపెడ్ సంగతి మాట్లాడతాడనుకున్నాను. కూర్చోకుండా నిలబడ్డాడు. అప్పుడే ఏదో తేడా ఉందని అర్థమైంది.

"ఛాయమ్మా, దాని నోట్లో పండ్లు లేవు."

"నాకు తెలుసు."

"నాకెవురూ చెప్పలేదే."

"ముప్పై ఎనిమిదేండ్లు ఒకే ఇంట్లో ఉండావు. నేను చెప్పల్నా నీకు?"

ఆయనకు కోపం రాలేదు. మెల్లగా చెప్పుకొచ్చాడు. అంతకు ముందురోజు అనపగింజల చారు చేశాడట. జీవితంలో మొదటిసారి బాగా కుదిరింది, అందుకని ఆమెకు వడ్డించి ఎదురుగా కూర్చున్నాడు. వాళ్లింట్లో ఎప్పుడూ ఆయన తిని లేచాకే ఆమె తినేది, అదీ పొయ్యి దగ్గర గోడకు తిరిగి. ఆమె తినడం ఆయన చూసిందే లేదు. చూస్తే సంగటి మింగుతోంది, చారు తాగుతోంది, గింజలన్నీ కంచం పక్కకు నెట్టేస్తోంది. తన వంటకు వంక పెడుతోందని గొడవపెట్టుకున్నాడు. ఆమె ఒక గింజ నోట్లో వేసుకుని, చాలాసేపు అటూ ఇటూ తిప్పి, తీసి అరచేతిలో పెట్టి చూపించింది.

"గింజ గింజ మాదిరే ఉండాది ఛాయమ్మా" అన్నాడు.

నాకు ఆయన మీద మొదటిసారి జాలేసింది. వెంటనే కోపం కూడా వచ్చింది, ఎందుకంటే ఆ ముప్పై ఎనిమిదేళ్లలో ఆమె గోడకు తిరిగి ఎన్ని పూటలు తిన్నదో లెక్కవేశాను.

"పండ్లు కట్టిచ్చేకి ఎంతయితాది?"

"నాకేం తెలుసు. ఆయమ్మనే అడుగు" అన్నాను. ఆ రహస్యం నాది కాదు. ఆయన తల గోక్కుంటూ వెళ్లిపోయాడు.

పదో రోజు ఇద్దరూ వచ్చారు. ఆమె చెయ్యి చీరకొంగులో చుట్టుకుని వచ్చింది, దారిలో ఎక్కడైనా అరిగిపోతుందేమోనన్నట్టు. నేను యంత్రం గాజును తుడిచాను. మొదటిసారి ఎర్ర దీపం. రెండోసారీ ఎర్రదే. అంజినమ్మ కళ్లు మూసుకుంది. మూడోసారి నేనే ఆమె వేలు పట్టుకుని, నొక్కకుండా ఊరికే ఆనించాను. పచ్చదీపం వెలిగింది.

తొమ్మిది వేలు లెక్కపెట్టి ఆమె చేతిలో పెట్టాను. నంజప్ప గొంతు సవరించుకున్నాడు. ఈ మాట మూడు రోజులుగా లోపల తయారు చేసుకున్నాడని ముఖం చూస్తేనే తెలుస్తోంది.

"అంజినా, బండి వద్దులే. నేను నడుస్తా. ఈ దుడ్డుతో నువ్వు పండ్లు కట్టిచ్చుకో."

ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంటుందని నేను అనుకున్నాను. ఆయన కూడా అదే అనుకున్నట్టున్నాడు, ఒక చెయ్యి ముందుకు చాపి సిద్ధంగా ఉన్నాడు. ఆమె డబ్బును రెండు మడతలు పెట్టి జాకెట్టులో పెట్టుకుంది.

"నువ్వు కట్టిచ్చుకో అంటే కట్టిచ్చుకునేది కాదు. నా దుడ్డు, నా నోరు. కొలతిచ్చి మూడు నెలలాయ. సెట్టు చేసి పెట్టుండాడు, తెచ్చుకునేకి పోతాండా."

పాపం, మనిషి జీవితంలో ఒక్కసారి ఉదారంగా ఉందామనుకున్నాడు, అది కూడా మూడు నెలలు ఆలస్యమైపోయింది. చాపిన చేతిని ఏం చేయాలో తెలియక నా బల్ల మీది స్టేప్లర్ సర్దాడు.

"నేనూ రావొచ్చునా?" అన్నాడు.

"బస్సులో ఆడోళ్లకి టికెట్టు లేదు. నీకుండాది. దుడ్డు ఉంటే రా."

సాయంత్రం ఐదింటికి బస్సు దిగి నేరుగా నా అంగడికే వచ్చారు. బుగ్గలు నిండి అంజినమ్మ ముఖం వేరే ఎవరిదోలా ఉంది. కొంగు భుజం మీదే ఉంది. సంచి నంజప్ప చేతిలో ఉంది. వారం దాకా మెత్తనివే తినాలని డాక్టరు చెప్పాడట. ఆమె అత్తిబెలె బస్టాండులో పప్పుచెక్కలా కరకరలాడే నిప్పట్టు కొనుక్కుంది.

వద్దని నేను అనేలోపే రోడ్డు మీద నిలబడి కొరికింది. ముక్క తెగింది. వీధిలో పోయేవాళ్లు చూస్తున్నా గోడకు తిరగలేదు. మెల్లగా, ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చుకుంటూ నమిలింది. తర్వాత మొగుడి వైపు చూసింది.

"నమిలేది ఇనిపిస్తాందా?"

"ఇనిపిస్తాంది" అన్నాడు నంజప్ప.

"అయితే రేపట్నుంచి ఇద్దరికీ ఒకేసారి వడ్డించు" అంది, మళ్లీ కొరికింది.