నెమలి పింఛాల కాగితం

కొత్త గిఫ్టు కాగితం చుట్ట విప్పగానే ఒక వాసన వస్తుంది. కొంచెం కిరసనాయిలులా, కొంచెం కొత్త ప్లాస్టిక్ బొమ్మలా, ముక్కులో సన్నగా పట్టుకుని కాసేపటికి గానీ వదలని వాసన. శంషాబాద్ ఎయిర్‌పోర్టులో ఒక బహుమతుల దుకాణంలో పనిచేస్తాను కాబట్టి నా పొద్దు రోజూ ఆ వాసనతోనే మొదలవుతుంది. ముత్యాల దండల పెట్టెలకూ లక్కగాజుల డబ్బాలకూ కాగితం కొలిచి, కత్తిరించి, మడతలు పెట్టి, టేపు అంటించి ఇస్తుంటే బల్ల కింద జానెడు ముక్కలూ మూరెడు ముక్కలూ కుప్పపడతాయి. సాయంత్రానికి వాటిని ఉండలు చుట్టి నల్ల సంచిలో కుక్కేస్తారు. అది చూసినప్పుడల్లా నాకు తెలియకుండానే ఒక ముక్క తీసుకుని అరచేత్తో సాపు చేస్తుంటాను. కొత్తగా చేరిన అమ్మాయి మొన్న నన్ను వింతగా చూసి, "అక్కా, చెత్తను గూడ మడతపెడ్తవేంది?" అని అడిగింది.

ఏం చెప్పను? నా చిన్నతనమంతా ఆ చెత్త మధ్యనే గడిచింది.

బెంగళూరు రోడ్డు మీద, సాతంరాయి దగ్గర ఒక ఫంక్షన్ హాలు ఉండేది. మా బాపు దానికి వాచ్‌మన్, అమ్మ ఊడ్చి తుడిచే మనిషి. హాలు వెనకాల వంటల రేకుల షెడ్డును ఆనుకుని ఉన్న రెండు గదుల్లో ఒకటి మాది. ఎయిర్‌పోర్టు అప్పటికింకా కడుతూనే ఉన్నారు. పగలంతా మట్టి లారీలు పోతుంటే మా ఆకుకూరల మీద కూడా ఎర్రటి దుమ్ము పేరుకునేది. మాఘం వచ్చిందంటే చాలు, వైశాఖం దాటేదాకా మాకు ఊపిరి సలిపేది కాదు. తడి బంతిపూల వాసన, గుండిగ అడుగున మాడిన బగారా అన్నం వాసన, జనరేటర్ పొగ, తమలపాకుల మీద చల్లిన పన్నీరు, వీటన్నిటి మధ్యా నేను ఒకటి నుంచి పది ఎక్కాలు బట్టీపట్టాను. పెళ్ళివాళ్ళు వెళ్ళిపోయాక మిగిలిన మైసూర్‌పాకు పొడిని బాపు కాగితంలో కట్టి తెచ్చేవాడు. ఎవరి పెళ్ళో తెలియకుండానే నేను ఎన్నో పెళ్ళిళ్ళ తీపి తిన్నాను.

మేం పనిలో చేరాక జరిగిన మొదటి పెళ్ళి మర్నాడు మేడ మీద గది ఊడవడానికి వెళ్ళిన అమ్మ చీపురు పట్టుకుని గడపలోనే నిలబడిపోయిందట. పెళ్ళివాళ్ళు బహుమతులన్నీ విప్పి పట్టుకుపోయారు. నేల మీద మోకాటి లోతున కాగితాలు. బంగారు రంగువి, వెండి చుక్కలవి, గులాబీలవి. ఇంత అందమైన వాటిని ఒక్క పూటకు వాడి పారేస్తారని అమ్మకు అంతవరకూ తెలియదు. కిందికొచ్చి హాలు యజమానిని భయపడుతూ అడిగింది.

"సారూ, గీ కాగితాలు నేను తీస్కపోనా?"

"తీస్కపో యాదమ్మా. పారబోసే పని తప్పుతది," అన్నాడాయన.

అప్పటినుంచి ప్రతి పెళ్ళి మర్నాడూ మా ఇంట్లో రంగుల పంట. పక్కగదిలో కిరాయికి ఉండే జుబేదా బట్టలు కుట్టేది, పిన్నిని పిలిచినట్టు ఆమెను ఖాలా అనేవాళ్ళం. ఆమెది పహాడీ షరీఫ్. భర్త పోయాక కూతురితో ఇక్కడికి వచ్చింది. ఆమె ఇస్త్రీపెట్టె గోరువెచ్చగా ఉన్నప్పుడు, కాగితం మీద పాత పంచె పరిచి, పెట్టెను ఆనీ ఆననట్టు నడిపితే ముడతలన్నీ పోయేవి. ముద్దలుగా వచ్చినవి మళ్ళీ దుకాణంలోంచి వచ్చినట్టు తయారవుతుంటే నేను కళ్ళార్పకుండా చూసేదాన్ని. "టేపు పీకొద్దు బిడ్డా," అని అమ్మ ప్రతిసారీ చెప్పేది, "పీకితే రంగు ఊడొస్తది. టేపున్న జాగ లోపలికి మడువు."

ఆ కాగితాలతో ఆ ఇద్దరాడవాళ్ళూ చేయని పని లేదు. అలమర అరల్లో పరిచి, ముందుకు వేలాడే అంచును కత్తెరతో అలలు అలలుగా కోసేవాళ్ళు. వెనకవైపు తెల్లగా ఉండేవాటి మీద ఖాలా జాకెట్ల కొలతలు గీసుకునేది. గునుగు పువ్వు సరిగా దొరకని ఏడు మా బతుకమ్మలో రెండు వరసలు కాగితపు పూలే. ఖాలా రంజాన్ పండక్కి పిల్లలకు డబ్బులిచ్చే కవర్లన్నీ మెరుపు కాగితాలవే. మా గుమ్మానికైతే ఏకంగా ఒక తెర తయారైంది. కాగితాన్ని పొడుగాటి పట్టీలుగా కోసి, చీపురుపుల్లకు చుట్టి, మైదాపిండి జిగురుతో అంటించి, పుల్ల లాగేస్తే వేలెడంత గొట్టాలు వచ్చేవి. వాటిని దారాలకు గుచ్చి వేలాడదీశారు. ఎండాకాలమంతా తీరిక దొరికినప్పుడల్లా అమ్మా ఖాలా నేనూ కూర్చుని చుట్టిన తెర అది. లోపలికి ఎవరొచ్చినా సన్నగా గలగలమని చప్పుడయ్యేది. నా కర్రబొమ్మకు రోజుకో పట్టుచీర ఉండేది. బడిలో అందరి పుస్తకాలకూ పేపరు అట్టలుంటే నావి తళతళలాడేవి. వాటిని చూడటానికే పక్క తరగతి పిల్లలు మా గదిలోకి తొంగిచూసేవారు.

నేను అయిదో తరగతిలో ఉండగా, శ్రావణంలో జరిగిన ఒక పెళ్ళిలో అమ్మకు నెమలి పింఛాల కాగితం దొరికింది. ముదురు ఎరుపు మీద ఆకుపచ్చ, నీలం పింఛాలు. కాస్త కదిలిస్తే కన్ను కొట్టినట్టు మెరిసేవి. అమ్మ దాన్ని ఇస్త్రీ కూడా చేయనివ్వకుండా మడిచి పెట్టె అడుగున దాచింది. "దీన్ని ముట్టకు. ఖాలా బిడ్డ పెండ్లికి పెట్టే చీరకు చుడ్త," అంది.

నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు అమ్మ నీళ్ళకు వెళ్ళినప్పుడు కాగితం తీసి, అమ్మ చేసే పద్ధతిలోనే టేపున్న మూల లోపలికి మడిచి, నా లెక్కల నోటుబుక్కుకు అట్ట వేసుకున్నాను. ఇంట్లో బయటికి తీయకుండా సంచిలోనే దాచేదాన్ని. వెనక అట్ట లోపలి మూలలో కందిగింజంత బొడిపె ఒకటి చేతికి తగిలేది. జిగురు గడ్డకట్టిందనుకున్నాను. లెక్కలు రానప్పుడు బొటనవేలితో దాన్ని రుద్దుతూ కూర్చునేదాన్ని.

వారం తిరగకముందే, ఆదివారం పొద్దున, హాలు ముందు కారొకటి ఆగింది. ఆ శ్రావణం పెళ్ళికూతురి మేనత్త, ఒక ముసలవ్వ దిగారు. వాళ్ళ వెనకాలే హాలు యజమాని వచ్చాడు. ఆ అవ్వ పెళ్ళికూతురికి అమ్మమ్మ. పెళ్ళికూతురి తల్లి ఎప్పుడో పోయింది. ఆమె ముక్కుపుల్లను అవ్వ ఇన్నేళ్ళూ దాచి, పదిమంది చేతుల్లో పడకూడదని తానిచ్చే చీర పెట్టెకు చుట్టిన కాగితం మడతలో అంటించింది. మనవరాలి చెవిలో చెబుదామనుకుంటే పెళ్ళి సందడిలో కుదరలేదు. తర్వాత ఫోన్ చేసి అడిగేసరికి కాగితం ఎక్కడుంది?

"కాగితాలన్నీ ఈమెనే తీస్కపోయిందట," అంది మేనత్త, అమ్మను చూపిస్తూ. "ముక్కుపుల్ల కాగితంలనే ఉన్నది. ఇగ ఎవరు తీసినట్టు?"

అమ్మకు మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పెట్టెలోని కాగితాలన్నీ తెచ్చి వాళ్ళ ముందు పోసింది. వాళ్ళు ఒక్కొక్కటి దులిపి చూశారు. తర్వాత మేనత్త లోపలికొచ్చింది. బియ్యం డబ్బా వంచింది. అలమరలోని అంచులు లాగేసింది. ఏ గొట్టంలో చుట్టి పెట్టారో అని గుమ్మం తెరను రెండు చేతులా పట్టి గుంజితే, దారాలు తెగి గొట్టాలన్నీ నేల మీద దొర్లిపోయాయి. మా ఇంట్లోకి వచ్చి ఒకరు అలా చేయవచ్చునని నాకు అంతవరకూ తెలియదు. బాపు గోడకు ఆనుకుని నేలచూపులు చూస్తున్నాడు. కత్తెర చేతిలో పట్టుకునే బయటికొచ్చిన ఖాలా, "యాదమ్మ గట్ల చేసే మనిషి కాదు సారూ," అంది. ఎవరూ వినలేదు.

"ఎర్ర కాగితం, నెమలి పింఛాలుంటయ్," అని అవ్వ మెల్లగా గుర్తుచేసింది.

గోడకున్న మేకుకు నా బడిసంచి వేలాడుతోంది. వేలి కింద ఇన్నిరోజులు రుద్దింది ఏమిటో ఆ క్షణంలో తెలిసిపోయింది. కానీ చెబితే అడగకుండా కాగితం తీసిన సంగతి బయటపడుతుంది. అంతకన్నా, ముక్కుపుల్ల మా ఇంట్లోనే ఉందంటే అమ్మను దొంగ అంటారు. సంచికి అడ్డంగా జరిగి నిలబడ్డాను.

"గది పెట్టెలనే పెట్టిన, ఎటు పోయిందో తెలుస్తలేదు," అంది అమ్మ. ఆ మాటకు మేనత్త ఒకరకంగా నవ్వింది. ఆ నవ్వు చూసి అమ్మ నా రెక్క పట్టుకుని దగ్గరికి లాక్కుని, నా తల మీద చెయ్యి పెట్టింది.

"నాకు ఇదొక్కతే బిడ్డ. దీని మీద ఒట్టు. మీ ముక్కుపుల్ల మా ఇంట్ల లేదు."

అబద్ధపు ఒట్టు వేస్తే తల మీద చెయ్యి పెట్టించుకున్నవాళ్ళు చచ్చిపోతారని మా బడిలో అందరికీ తెలుసు. చచ్చిపోతున్నానని నిజంగానే అనుకున్నాను. అంతకంటే అమ్మ అబద్ధం చెప్పినట్టయిందన్నది నాకు భరించరానిదైంది.

"ఉన్నదమ్మా," అన్నాను.

నేనే వెళ్ళి సంచిలోంచి నోటుబుక్కు తెచ్చాను. "చూసిండ్రా, పిల్ల పుస్తకంల దాపెట్టింది," అంటూ మేనత్త చెయ్యి చాచింది. కానీ అవ్వ ముందు అందుకుంది. అట్ట విప్పి, ఆ మూలను కళ్ళకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత నేల మీద కూలబడింది.

"గీ టేపు నేను అంటిచ్చిందే. కత్తెర లేక పంటితోని కొరికిన. అంచు సూడు, గట్లనే ఉన్నది. దీన్ని ఎవ్వరు ఇప్పలే," అంది. గోటితో మూడు పొరలు ఒలిస్తే పసుపు దూదిలోంచి తెల్లరాయి ముక్కుపుల్ల బయటపడింది. అవ్వ దాన్ని గుప్పిట్లో పెట్టుకుని అమ్మ వైపు తిరిగి, "తప్పైంది బిడ్డా," అంది. మేనత్త అప్పటికే కారెక్కి కూర్చుంది. యజమాని "సరే, అయిపోయింది గద, పని చూస్కోండి," అని వెళ్ళిపోయాడు.

అమ్మ నన్ను కొట్టలేదు, తిట్టలేదు. సాయంత్రం గుండిగలు పెట్టే పెద్ద పొయ్యిలో కాగితాలన్నీ వేసి అంటించింది. మంట ఒకసారి ఆకుపచ్చగా, ఒకసారి నీలంగా లేచింది. ఘాటైన పొగకు మా అందరి కళ్ళూ మండాయి. నా పుస్తకాల అట్టలు కూడా ఊడదీసి వేసేసింది. "కాగితాలు ఏం పాపం చేసినయ్ యాదమ్మా, జర ఆగు," అని ఖాలా చెయ్యి పట్టుకుంది. అమ్మ ఆగలేదు. నెల తిరిగేసరికి మైలార్‌దేవ్‌పల్లిలో గది తీసుకున్నాం. అమ్మ కాటేదాన్‌లో బిస్కెట్ల ఫ్యాక్టరీలో చేరింది. ఖాలా కూతురి పెళ్ళికి తాను కొన్న చీరను అమ్మ దేనిలోనూ చుట్టకుండా రెండు చేతుల మీదా పెట్టుకుని వెళ్ళి ఇచ్చింది.

ఇప్పుడు ఆ హాలు లేదు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు సగం పోయింది, మిగతా సగంలో కార్లు నిలుపుతున్నారు. ఖాలా తన కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది. పిల్లల పుస్తకాలకు ప్లాస్టిక్ కవర్లు తయారుగా దొరుకుతున్నాయి. కాగితపు గొట్టాల తెర ఏ గుమ్మానికీ నాకు కనబడలేదు.

మొన్నొక సెలవు రోజున అమ్మా నేనూ చిక్కుడుకాయలు ఒలుస్తూ కూర్చున్నప్పుడు, ఇన్నేళ్ళకు అడిగాను. "వాళ్ళ మీద కోపంతోనే కాలవెట్టినవా అమ్మా అవన్నీ?"

"వాళ్ళ మీద కోపమెందుకు? వాళ్ళ వస్తువు పోయింది, వచ్చిండ్రు," అంది. తల ఎత్తకుండానే చెప్పింది. "నువ్వు ఉన్నదన్నవ్ సూడు. గప్పుడు నా చెయ్యి నీ నెత్తి మీదనే ఉన్నది. నువ్వే దొంగతనం చేసినవనుకున్న. అవ్వ టేపు సూపిచ్చేదాంక గట్లనే అనుకున్న. వాళ్ళు నన్ను అనుకున్నట్టే నేను నిన్ను అనుకున్న. గా కాగితాలు ఇంట్లుంటే రోజు గదే యాదికొస్తదని కాలవెట్టిన."

అమ్మ ఎప్పుడైనా, ఒక్క క్షణమైనా నన్నలా అనుకుని ఉంటుందని నేను ఊహించలేదు. ఆమె చెయ్యి నా తల మీద ఉన్నంతసేపూ నన్ను కాపాడుతోందనే అనుకుంటూ ఇంతదాన్నయ్యాను. చేతిలోని గింజలు గిన్నెలో వేసి, "కాగితం మాత్రం నేను దొంగతనంగనే తీసిన గదమ్మా," అన్నాను.

అమ్మ చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది. ఆ సంగతి ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఆమెకు తట్టలేదని ఆ ముఖం చూస్తే తెలిసింది.

"మనింట్ల కాగితం నువ్వు తీస్కుంటే దొంగతనమెట్లయితది?" అంది.