నంబరు మీద పసుపు: పాత టర్బో కారులో మెసయీద్ నుంచి షమాల్ దాకా

ఖతార్ ఎక్కడ ముగుస్తుందో చూడాలని గంగారాం అడిగాడు. ఈ ప్రయాణానికి మూలం ఆ ఒక్క కోరిక. గంగారాంది జగిత్యాల పక్క పల్లె. మెసయీద్‌లో క్రేన్ ఆపరేటరుగా తల నెరిసింది. క్యాంపు, ప్లాంటు, శుక్రవారం కూరగాయల కొట్టు, ఇంతవరకే అతనికి తెలిసిన దేశం. వీసా క్యాన్సిల్ చేసుకుని, ఈ ప్రయాణం మర్నాడు సాయంత్రం విమానానికి ఇంటికి వెళ్ళిపోతున్నాడు. "ఇన్నేండ్లు ఉన్న గదన్నా, రేపు మనుమలు దుబాయ్ ఎట్లుంటదని అడిగితే క్యాంపు గోడ జూపియ్యాల్నా? నీ కార్ల ఒక్కపారి గా కొస దాంక తీస్కపో" అన్నాడు. వాళ్ళ ఊళ్ళో గల్ఫ్ అంతా దుబాయే. మ్యాపులో వేలు పెట్టి పైకి జరుపుకుంటూ పోతే కొసన మదీనత్ అల్ షమాల్ తగిలింది. ఒక రోజులో వెళ్ళి రావచ్చు. సరేనన్నాను.

చిక్కల్లా కారుతోనే. నాది తొంభైల నాటి జపాన్ కారు. రెండు తలుపులు, వరసగా ఆరు సిలిండర్లు, వాటికి ఊపిరి ఊదే ఒక టర్బో. స్టీరింగ్ ఎడమవైపున్న గల్ఫ్ మోడల్ కాబట్టి ఇక్కడి రోడ్ల మీద బతికి ఉంది. నా బడిచదువు తొమ్మిదో తరగతి దగ్గర ఆగిపోయింది. మిగతాదంతా ఈ కారును విప్పి చదువుకున్నాను. రబ్బరు గొట్టాలు ఈ ఎండకు అప్పడాల్లా పెళుసెక్కుతాయని, ఇసుకగాలి వీచిన ప్రతిసారీ ఎయిర్ ఫిల్టర్ దులపకపోతే టర్బోకు దగ్గు పట్టుకుంటుందని, రేడియేటర్ పెద్దది వేయకుండా ఆగస్టు నెలలో ఏసీ వేసుకోవడం అత్యాశేనని ఇదే నేర్పింది. ఆమధ్య తెల్లరంగు మార్చి ముదురు నీలం వేయించాను. ముందుగా ట్రాఫిక్ శాఖలో అనుమతి తీసుకున్నాకే బ్రష్షు ముట్టనిచ్చాను. చక్రాలు ఒక సైజు పెంచినా అంచు దాటి బయటికి పొడుచుకురాకుండా చూసుకున్నాను. సైలెన్సర్ షార్జా పాతసామాన్ల బజారు నుంచి తెప్పించింది, కంపెనీ ఇచ్చినదాని కన్నా నిదానంగా మాట్లాడుతుంది. నేను అంతకన్నా ఎక్కువ మాట్లాడతానని మా ఆవిడ అంటుంది, అది వేరే సంగతి.

ఆ సైలెన్సర్ ఆలస్యంగా రావడంతో ఇస్తిమారా, అంటే ఇక్కడి ఆర్‌సీ, గడువు చివరి రోజుకు వచ్చి పడింది. తనిఖీలో పాసైతేనే ప్రయాణం. పొద్దున ఆరింటికి మెసయీద్‌లో బయలుదేరి, వక్రా మీదుగా ఇండస్ట్రియల్ ఏరియా దగ్గరున్న తనిఖీ కేంద్రానికి ఏడుకల్లా చేరాం. మామూలు కారుకు డెబ్బై అయిదు రియాళ్ళు కట్టించుకున్నారు. వేసవిలో వెళ్ళేవాళ్ళు ఆ వేళకే వెళ్ళండి. ఎండ ముదిరాక వరసలో నిలబెడితే పాత ఇంజన్లకే కాదు, పాత మనుషులకూ ఆవిర్లు వస్తాయి.

బ్రేకులు పాసయ్యాయి. పొగ పాసైంది. కారు కిందికి దీపం పట్టుకుని దూరినవాడు నవ్వుతూ బయటికొచ్చాడు. నా ఛాతీ అంగుళం పెరిగిన ఆ క్షణంలో సూపర్‌వైజర్ వచ్చాడు. నెరిసిన గడ్డంతో నిమ్మళంగా నడిచే సూడాన్ పెద్దమనిషి. రంగు మారిన కారు కాబట్టి ఛాసిస్ నంబరు కళ్ళతో చూసి కాగితంతో సరిపోల్చాలన్నాడు. బానెట్ ఎత్తాను. ఇంజన్ వెనక రేకు గోడ మీద నంబరు చెక్కి ఉండాల్సిన చోట, అరచేయంత మేర, పసుపుపచ్చటి పెచ్చు గట్టిగా అంటుకుని ఉంది.

"సదీక్, నంబర్ మాఫీ" అన్నాడాయన. నేస్తమా, నంబరు లేదే అని.

నేను గంగారాం వైపు చూశాను. గంగారాం ఆకాశం వైపు చూశాడు.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. గంగారాం ప్రతి దసరాకూ తన క్రేనుకు పూజ చేసి, పసుపు గిన్నెతో మా ఇంటికొచ్చేవాడు. బానెట్ మీద బొట్టు పెడితే రంగు పాడవుతుందని నేను గునిసేవాణ్ణి. అయితే లోపలే పెడతానని, నువ్వులనూనెలో కలిపిన పసుపు ఆ నంబరుకు మెత్తి, పైన కుంకుమ పెట్టేవాడు. "ఇది పుట్టినప్పుడు వెట్టిన పేరన్నా. పూజ పేరుకే జెయ్యాలె" అనేవాడు. ఇన్నేళ్ళూ తనిఖీవాళ్ళు ముందు అద్దం దగ్గర అదే నంబరున్న చిన్న పలక చూసి పంపేశారు. ఏటికో పూత చొప్పున పెరిగి, ఇంజన్ వేడికి కాలి, అది ఇటుకలా గట్టిపడింది.

"ఏ యెల్లో క్యా హై? పెయింట్?" అని సూపర్‌వైజర్ అడిగాడు. నంబరు మీద ఏదైనా పూసి ఉందంటే ఈ దేశంలో దానికి మొదటి అర్థం దొంగబండి అని.

"హల్దీ సాబ్" అన్నాడు గంగారాం. "ఖానేకా హల్దీ."

"తినే పసుపా? గాడీ ఖానా ఖాతా హై?" అన్నాడాయన, బండి తిండి తింటుందా అని. నవ్వలేదు.

తరవాత నాకు అర్థమయ్యేలా నెమ్మదిగా చెప్పాడు. నంబరు చదవడం కుదరకపోతే బండి ఇక్కడే ఉంటుంది. పోలీసు పరీక్షకు వెళ్తుంది. రెండు వారాలో, మూడో చెప్పలేను. శుభ్రం చేసుకుంటానంటే నా కళ్ళ ముందే చెయ్యి. కానీ ఇనుము తగలకూడదు, గరుకు కాగితం తగలకూడదు. ఒక్క గీత పడినా నంబరు దిద్దినట్టే లెక్క.

గంగారాం మొహం వాడిపోయింది. "నీ కారు నాతోటి ఆగమాయెనన్నా. కొస సూసుడు ఏమో గాని, గిది పోలీసు దొడ్లె పడతదేమో."

"అది సరేనయ్యా, నూనె జిడ్డును నూనే వదిలించాలి. ఎవరినడుగుదాం?" అన్నాను.

అతను భుజం సంచి విప్పాడు. విమానంలో పెట్టెకు బరువెక్కువవుతుందని విడిగా తెచ్చుకున్న సామాను అందులో ఉంది. దాని అడుగు నుంచి తలకు రాసుకునే కొబ్బరినూనె సీసా తీశాడు. నూనె పోసి, మెడలోని తువ్వాల మడిచి, పసిపిల్లకు నలుగు పెట్టినంత నెమ్మదిగా రుద్దడం మొదలెట్టాడు. పెచ్చు మెత్తబడింది. పసుపు, కింద ఎర్రటి కుంకుమ, మళ్ళీ పసుపు, మళ్ళీ కుంకుమ. ఒక్కో దసరా ఊడి తువ్వాలకు అంటుకుంటోంది. వరసలో మా వెనక నిలబడ్డ డ్రైవర్లు హారన్ కొట్టడం మానేసి దిగొచ్చి తొంగిచూశారు. ఒక పఠాన్ డ్రైవరు "యల్లా చాచా, ఇంకొంచెం" అని ఉత్సాహపరిచాడు. ఆఖరి పూత జారిపోయాక సూపర్‌వైజర్ టార్చి వేశాడు.

గోడ మీద మిగతా రేకంతా సముద్రపు గాలికి తుప్పుమచ్చలు పడి ఉంది. పసుపున్న అరచేయంత చోటు మాత్రం ఫ్యాక్టరీలో నిన్న కొట్టినట్టు మెరుస్తోంది. ఆయన ఒక్కో అక్షరం, ఒక్కో అంకె బయటికి చదువుతూ ఇస్తిమారాలో వేలు జరిపాడు.

"తమామ్" అన్నాడు. అంతా సరిగ్గా ఉందని. కాగితం మీద ముద్ర పడింది. రెండడుగులు వేసి వెనక్కి తిరిగి గంగారాంను అడిగాడు: "నా గాడీ నంబర్ జంగ్ ఖా గయా, తుప్పు తినేసింది. ఈ యెల్లో ఏ దుకాణంలో దొరుకుతుంది?"

గంగారాం సంచిలోని పసుపు పొట్లంలో సగం ఆయనకు కట్టిచ్చాడు. వాడే విధానం కూడా చెప్పాడు. కుంకుమ సంగతి మాత్రం ఎత్తలేదు.

ఫోన్లోనే ఇస్తిమారా పొడిగించుకుని దుఖాన్ రోడ్డెక్కాం. టర్బో బండికి సూపర్ పెట్రోలే పోయాలి. లీటరు రెండు రియాళ్ళ పైచిలుకు, సగం ట్యాంకుతో వెళ్ళి రావచ్చు. అల్ షహానియాలో కడక్ చాయ్ తాగుతుంటే పందెపు ఒంటెలు నీలం, ఎరుపు బట్టలు కప్పుకుని బారుగా రోడ్డు దాటాయి. "ఈటికి ఇస్తిమారా ఉంటదా అన్నా?" అని గంగారాం అడిగాడు. పక్కనే టీ తాగుతున్న ఒంటెల కాపరి, రాజస్థాన్ మనిషి, హిందీలో విషయం అడిగి తెలుసుకుని, "ఉంటుంది భాయ్, మీ కారు కన్నా ఖరీదు కూడా" అన్నాడు. అక్కడి నుంచి అల్ మజ్ద్ రోడ్డు పట్టుకుని అల్ ఖోర్ దగ్గర షమాల్ రోడ్డులో కలిశాం. కలిసేచోట కాలు కొంచెం బలంగా నొక్కాను. టర్బో ఈల వేసింది, సీటు వీపును నెట్టింది, నూట ఇరవై దగ్గర కాలు తీసేశాను. గంగారాం డ్యాష్‌బోర్డు పట్టుకుని, "క్రేను గిట్ల ఉరికితే మా ఫోర్‌మన్ ఏడికి పోతుండెనో" అన్నాడు.

ఒంటిగంటకు షమాల్ దాటి రేవు దగ్గర ఆగాం. రోడ్డు అయిపోయింది. ముందు నీళ్ళు, చెక్క పడవలు, ఎండబెట్టిన వలలు. గంగారాం అంచు దాకా నడిచి, చాలాసేపు నిలబడి, ఇంటికి వీడియో ఫోను కలిపాడు. అవతల అతని భార్య "దుబాయ్ సముద్రం మంచిగున్నది" అంది. అతను సరిదిద్దలేదు. "ఆఁ, ఇగో, ఇక్కడ ఖతమైతది" అని కెమెరా తిప్పి చూపించాడు.

తిరిగి బయలుదేరే ముందు నన్ను బానెట్ ఎత్తమన్నాడు. మిగిలిన పసుపు నూనెలో తడిపి వేలికి తీసుకుని, ఈసారి నంబరును తాకకుండా దాని పక్కన బొట్టు పెట్టాడు. "దసరాకు నేనుండ గదా, ముందుగాల్నే పెడుతున్న. వచ్చే ఏడు నువ్వే పెట్టాలె. పక్కకు, పేరు మీద కాదు" అన్నాడు.

పాత కారును నిలబెట్టుకోవడమంటే విడిభాగాలు వెతకడమేనని చాలా కాలం అనుకున్నాను. నా కారును ఈ ఎండలో, ఈ ఉప్పుగాలిలో కాపాడినవాటిలో నేను షార్జా నుంచి తెప్పించినవి ఎన్నో, క్యాంపు నుంచి గిన్నెతో నడిచొచ్చినవి ఎన్నో ఇప్పుడు చెప్పలేను. మీరు ఇలాంటి బండితో తనిఖీకి వెళ్ళేముందు ఒక్క పని చేయండి: బానెట్ ఎత్తి ఛాసిస్ నంబరును మీ కళ్ళతో చదివి, ఇస్తిమారాతో పోల్చుకుని, ఆ చుట్టూ తుప్పు రాకుండా పల్చగా నూనె రాయండి. మా దాంట్లో ఆ నూనెకు రంగు పసుపు. వచ్చే ఏడు దసరాకు గిన్నె నేనే పట్టుకుంటాను.