పురుగులింటి మర్యాద

మా అత్త అక్కమ్మ గొంతు గురించి ముందే చెప్పేస్తాను. మిట్టేమరిలో ఆమె తన వాకిట్లో నిలబడి కోడిని అదిలిస్తే, ఊరి చివర బస్సెక్కేవాళ్లు ఒక కాలు మెట్టు మీద పెట్టి వెనక్కి తిరిగి చూస్తారు. అరవై నాలుగేళ్ల మనిషి, ముప్పై ఐదేళ్లుగా పట్టుపురుగులు మేపుతోంది. ఆ గొంతు తగ్గేది ప్రపంచంలో ఒక్కచోటే, ఇంటి వెనకున్న పురుగుల గదిలో. ఆ గడప దాటిందంటే గుసగుసలే.

ఆ గదికున్న పద్ధతులు మామూలువి కావు. చెప్పులు బయట, కాళ్లూ చేతులూ కడగాలి. సెంటు, పౌడరు, మల్లెపూలు, అగరబత్తి, బీడీ ఏదీ దగ్గరికి రాకూడదు. మేత వేళ అయిదు నిమిషాలు అటూ ఇటూ కాకూడదు. కొత్తమనిషి రాకూడదు. సొంత తమ్ముడు పిళ్ళప్ప సెంటు పూసుకుని వచ్చినా గడప బయటే నిలబెట్టి పంపింది. పెళ్లైన కొత్తలో నేనూ ఆ గది చూడబోయాను. "తలకు ఏం నూనె పెట్టుకున్నావప్పా? అంత దూరంలోనే నిలబడు" అంది. కొత్త అల్లుణ్ణి! ఆరు నెలలు అలిగాను. నేను అలిగానన్న సంగతి ఆమెకు ఈరోజుకీ తెలియదు.

నాది చింతామణిలో డ్రిప్పు పైపుల కొట్టు. నా భార్య రూప. మాకు ఒక్కతే కూతురు, భాను, పదో తరగతి. నోట్లో నాలుక లేని పిల్ల అని చుట్టాలందరూ మెచ్చుకునేవారు, మేమూ మురిసిపోయేవాళ్లం. జూన్‌లో బడి తెరిచిన దగ్గర్నుంచి పొద్దున ఏడూ నలభైకి కడుపునొప్పి మొదలైంది. ఆదివారం రాదు. రెండు చోట్ల స్కానింగ్ తీయించాం. మా ఇంట్లో అందరి కడుపుల కన్నా దాని కడుపే బాగుందని తేలింది. ఆగస్టుకల్లా బడి మానేసింది. నేను అరిచాను. ఒకరోజు చెయ్యి పట్టి స్కూటర్ దాకా ఈడ్చాను. ఇది రాయడానికి సిగ్గుగా ఉంది, అయినా రాస్తున్నాను.

చివరికి చిక్కబళ్ళాపురంలో ఒక డాక్టరమ్మ మూడుసార్లు కూర్చోబెట్టి మాట్లాడి, ఆటిజం అని చెప్పింది, దానివల్ల వచ్చిన ఆందోళన కూడా ఉందంది. "అది మాటలు రాని మగపిల్లలకు కదమ్మా వచ్చేది? దీనికి కన్నడలో తొంభై రెండు మార్కులు" అన్నాను, మార్కుల కార్డు చూపిస్తే జబ్బు రద్దవుతుందన్నట్టు. ఆమె నవ్వలేదు. ఇది జబ్బు కాదు, మెదడు పనిచేసే తీరే వేరు అంది. చాలామంది ఆడపిల్లలు తోటివాళ్లను చూసి నవ్వడం, మాట్లాడడం కాపీ కొడతారట. అందుకే ఎవరికీ తెలియదు. రోజంతా అలా నటించి నటించి లోపల అరిగిపోతారు. అప్పుడు భాను సంచిలోంచి ఒక నోటుపుస్తకం తీసి డాక్టరమ్మకిచ్చింది. అందులో ఇలా ఉంది: "మేష్ట్రు జోకు వేస్తే నయనను చూడాలి. నయన నవ్వితే ఒకటి, రెండు లెక్కపెట్టి నవ్వాలి." నయన దాని పక్క బెంచీ పిల్ల. అలాంటివి ఎనభై పేజీలు.

బడి హెడ్‌మాస్టరు మాత్రం ఒకటే మాట చెప్పాడు. దసరా రజా సెలవులు అయ్యాక సోమవారం నుంచి రాకపోతే హాజరు చాలదు, ఎస్సెస్సెల్సీ పరీక్షకు కూర్చోనివ్వడం తన చేతిలో ఉండదని.

రూప ఫోన్‌లో తల్లికి అంతా చెప్పి ఏడ్చింది. అవతలి గొంతు ఫోన్ లేకుండానే నాకు వినిపించేంత గట్టిగా ఉంది. "నా మనవరాలికి ఏమీ లేదు. నలుగుర్లో తిరగక అట్లైండాది. రజాకు ఈడికి పంపు, నేను సరిచేస్తా."

భాను మిట్టేమరికి పోయింది. మొదటి నాలుగు రోజులు బ్రహ్మాండం. తెల్లవారగానే కాళ్లు కడుక్కుని పురుగుల గదిలోకి పోయేదట. అక్కడ వానచినుకుల్లాంటి మేత చప్పుడు తప్ప ఇంకేమీ వినపడదు. "అవ్వా, నిన్న మేత మూడు నిమిషాలు లేటు" అని మా అత్తకే తప్పుపట్టిందట. ముప్పై ఐదేళ్లలో ఆ ధైర్యం ఇంకెవరూ చేయలేదు.

ఐదోరోజు మా అత్త "సరిచేయడం" మొదలుపెట్టింది. బాగేపల్లిలో పిళ్ళప్ప కొత్తింటి గృహప్రవేశం. భానుకు గరగరలాడే జరీ లంగా ఓణీ కట్టి, మూర మల్లెపూలు పెట్టి, మైకుసెట్టు పక్కనే నిలబెట్టి, వచ్చినవాళ్లందరికీ పసుపు కుంకుమలు ఇమ్మంది. ఇచ్చి ఊరికే ఉంటే కుదరదు. "నవ్వుతా మాట్లాడమ్మా" అని ప్రతి చుట్టానికీ ఒకసారి వెనకనుంచి పొడిచింది. భాను ఒకటి, రెండు లెక్కపెట్టి అరవైమందికి నవ్వింది. "సూడు, ఎంత చక్కగా ఉండాదో! డాక్టర్లకేం తెలుసు?" అని మా అత్త ఊరంతా వినేట్టు చెప్పుకుంది.

ఇంటికి రాగానే భాను చీకటిగదిలో దుప్పటి కప్పుకుని పడుకుంది. మాట లేదు, తిండి లేదు. రెండోరోజు మా అత్త నాకు ఫోన్ చేసింది. ఆ గొంతులో మొదటిసారి భయం విన్నాను. దొరికిన బస్సెక్కి పోయాను.

నేను పోయేసరికి మా అత్త ఒక చేతిలో సంగటి తట్ట పట్టుకుని పెరట్లో నిలబడి ఉంది. ముక్కు మూసయినా సరే ఈ పూట తినిపిస్తానని బయల్దేరింది. అదే సమయానికి ఇరవై ఏళ్లుగా ఆమె దగ్గర పనిచేస్తున్న మునియప్ప, కోసిన ఆకు వాడిపోతుందని మోపెత్తుకుని పురుగుల గదిలోకి పోబోయాడు.

"ఏమప్పా, కండ్లు కనపడవా?" అంది మా అత్త గుసగుసగా. "పొర ఇడిసేదానికి కూచుండాయి. తల పైకెత్తి కదలకుండా ఉండాయి, సూడలేదా? ఇప్పుడు మేత యేస్తే తింటాయా? కదిలిస్తే పాత తోలు సగంలో నిలిచి సస్తాయి. వాటి పాటికి వాటిని ఇడు. అయ్యే పొద్దుకు అవే లేస్తాయి."

మునియప్ప మోపు దించాడు. వెటకారం తెలియని మనిషి. నిజంగా తెలియకే అడిగాడు.

"సరేమ్మా. మరి ఆ సంగటి యాడికి ఎత్తుకుపోతాండావు?"

మా అత్త తట్ట వంక చూసింది. చీకటిగది తలుపు వంక చూసింది. మళ్లీ తట్ట వంక చూసి, దాన్ని మెల్లగా అరుగు మీద పెట్టి, పక్కనే కూలబడింది. "పురుగుకు చేసిన మర్యాద బిడ్డకు చేయకపోతినే" అంది. కళ్లనీళ్లు తుడుచుకోవడం ఆమెకు సరిగ్గా చేతకాదు. ముఖమంతా రుద్దుకుంది.

ఆ తర్వాత ఆ చీకటిగది గడప దగ్గర ఆమె కాపలా చూడాలి! పలకరించడానికి వచ్చిన పిళ్ళప్పను మళ్లీ సెంటు వాసనతోనే పట్టుకుని వీధిలోకి తోలింది. పక్కింటి మిక్సీ ఆపించింది. మైకుసెట్టువాడు పిళ్ళప్పను వెతుక్కుంటూ డబ్బుకని వస్తే వాడి ముఖం చూసే చెయ్యెత్తింది. ఫోన్‌లో ఇదంతా విన్న రూప "నా కూతురు నీకు పురుగులా కనపడిందా?" అని తల్లి మీద విరుచుకుపడింది.

మూడోరోజు భాను లేచి వచ్చి, చల్లారిన సంగటిని వేడి చేయమని అడిగింది. తల్లి కోపం సంగతి చెబితే ఆలోచించి, "పొర ఇడిసేదానికి పురుగుకు ఒక దినం. నాకు రెండున్నర అయ్యింది. అంతే తేడా" అంది.

సోమవారం కంటే ముందే మా అత్త, నేను హెడ్‌మాస్టరు దగ్గరికి పోయాం. భాను రాసిచ్చిన కాగితం నా జేబులో ఉంది. ప్రార్థనలో మైకు పక్కన నిలబెట్టకూడదు. తలుపు దగ్గరి బెంచీ కావాలి. చెప్పకుండా లేపి చదవమనకూడదు. తట్టుకోలేనప్పుడు పది నిమిషాలు లైబ్రరీలో కూర్చోనివ్వాలి. గణితం మధ్యాహ్నం పెట్టాలి.

"ఒక్క పిల్ల కోసం స్కూలంతా మార్చాలంటే ఎట్లమ్మా?" అన్నాడాయన.

"స్కూలు మార్చొద్దప్పా. నాకాడ నలభైవేల పురుగులుండాయి. వాటికోసం మిట్టేమరిని మార్చినానా? గడపకాడ నాలుగు పద్ధతులు పెట్టినా, అంతే."

ఆయన కలం కింద పెట్టి ఆమెను పరీక్షగా చూశాడు. "ఇప్పుడు ఎన్నో పొరలో ఉండాయమ్మా?"

"నాలుగు అయిపోయింది. నువ్వూ మేపినోడివేనా?"

ఆయనదీ పురుగులు మేపిన ఇల్లేనట. అరగంట ఆకు గురించి మాట్లాడుకున్నారు. గణితం మాత్రం పొద్దునే ఉంటుందన్నాడు, మిగతా నాలుగూ ఒప్పుకున్నాడు.

బయటికి వచ్చాక కాగితం మడవబోతే వెనక ఇంకొక వరుస కనిపించింది. అది బడికి కాదు, నాకు. "నాయన తలనూనె. స్కూటర్ మీద వెనక కూచుంటే స్కూలు దాకా ఊపిరి బిగబట్టుకుంటాను." మా ఇంటినుంచి బడికి తొమ్మిది నిమిషాలు. ఎనిమిదో తరగతి నుంచి రోజూ నేనే దింపుతున్నాను. మా అత్త అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివి, "నేను పదిహేడేండ్ల కిందటే చెప్పినా కదప్పా" అంది.

సోమవారం ఏడూ నలభైకి కడుపునొప్పి వచ్చింది. రాదని ఎవరూ చెప్పలేదు. నేను తలస్నానం చేసి, నూనె లేకుండా, వెంట్రుకలు గడ్డిపరకల్లా లేచి నిలబడ్డ తలతో స్కూటర్ పక్కన నిలుచున్నాను. త్వరగా రా అనలేదు. దేనికి భయం అనీ అనలేదు. పద్నాలుగు నిమిషాలకు భాను వచ్చి వెనక కూర్చుంది.

బస్టాండు మలుపు దగ్గర ఇంజను చప్పుడు తగ్గినప్పుడు, నా వీపు వెనక నా కూతురు ఊపిరి పీల్చుకోవడం వినిపించింది.