మా బాబాయి నిద్రపోడు

మా బాబాయి ఎన్నడూ నిద్రపోయి ఎరగడు. ఈ మాట నాది కాదు, ఆయనదే. మా వీధిలో మిగతా వాళ్ల అభిప్రాయం వేరు. సోఫాలో తల వెనక్కి వాలిపోయి, నోరు బార్లా తెరుచుకుని, పై వాటాలో ఉండే మా కిటికీ రెక్కలు అదిరేలా గురక పెడుతున్న మనిషిని భుజం తట్టి, లోపలికెళ్లి పడుకో బాబాయ్ అంటే, కళ్లు తెరవకుండానే జవాబొచ్చేది.

"పడుకోలేదే. ఆలోచిస్తున్నాను."

దేని గురించి అని అడిగితే దానికీ సిద్ధంగా ఉండేవాడు. వంటగది కుళాయికి వాషర్ మార్చడం గురించి అనేవాడు. ఆ వాషర్ మీద ఆయన పెట్టినంత బుర్ర మరొకరు పెట్టి ఉంటే ఈపాటికి ఏ వంతెనో కట్టేసేవారు. కుళాయి మాత్రం కారుతూనే ఉండేది.

బాబాయి, నేను ఒకే ప్రింటింగ్ ప్రెస్సులో పనిచేసేవాళ్లం. నేను ప్రూఫులు దిద్దేదాన్ని, ఆయన కటింగ్ మిషన్ మీద కాగితం కోసేవాడు. ఒకసారి మా ఫోర్‌మన్ పోతే సంతాప సభ పెట్టారు. రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం అన్నారు. అందరం తల వంచుకున్నాం. మొదటి నిమిషం గడవకుండానే నా పక్క కుర్చీలోంచి గురక మొదలైంది. మోచేత్తో పొడిచాను, లాభం లేకపోయింది. పోయినాయన భార్య మొదటి వరసలోంచి వెనక్కి తిరిగి చూసింది. నాకు నేల చీలితే బాగుండుననిపించింది.

అంతలో గురక ఠక్కున ఆగిపోయింది. గురకతో పాటు ఊపిరీ ఆగిపోయింది. ఛాతీ కదలడం లేదు, పెదాలు నల్లబడుతున్నాయి. హాల్లో ఉన్నవాళ్లందరూ పోయినాయన్ని మరిచిపోయి ఉన్నాయన వంక చూడటం మొదలుపెట్టారు. ఇక సభ ఇద్దరికీ కలిపి జరపాలేమో అనుకుంటుండగా, నీళ్లలో మునిగిన మనిషి పైకి తేలినట్టు పెద్ద శబ్దంతో గాలి పీల్చుకుని కళ్లు తెరిచాడు. అందరికంటే ముందు మంచినీళ్ల గ్లాసు తెచ్చిచ్చింది ఆ ఫోర్‌మన్ భార్యే. బాబాయి నీళ్లు తాగి, దుఃఖంలో ఊపిరి బిగపట్టుకున్నానమ్మా అని ఆవిడకి చెప్పుకున్నాడు. ఆవిడ పాపం నమ్మింది కూడా.

ఇలాంటివి చెప్పుకుని మేం చాలాకాలం నవ్వుకున్నాం. తర్వాత ఒక మధ్యాహ్నం నా గది తలుపు దగ్గర బాబాయి వచ్చి నిలబడ్డాడు. ఎడమ చేతికి ఎవరి పుస్తకానిదో ముఖచిత్రం చుట్టుకుని ఉన్నాడు. అది నీలం రంగు బొమ్మ. నేను చూస్తుండగానే దాని రంగు మారిపోతోంది.

"ఒక బండి పిలుస్తావా?" అన్నాడు, టీ తెప్పిస్తావా అన్నంత మామూలుగా.

మిషన్ కత్తి కింద ఉంగరం వేలు పై కణుపు దాకా పోయింది. దారిలో నేను, నిద్రపోయావా బాబాయ్ అని అడిగాను. లేదన్నాడు, ఆలోచిస్తున్నానన్నాడు. ఆరోజు నాకు నవ్వు రాలేదు.

ప్రెస్సు ఓనరు మంచివాడే. కానీ డాక్టరు సరే అనేదాకా బాబాయిని కత్తి దరిదాపులకి రానివ్వొద్దని చెప్పి ప్యాకింగులో కూర్చోబెట్టాడు. నేను బలవంతంగా ఆస్పత్రికి లాక్కెళ్లాను. ఒంటినిండా వైర్లు తగిలించి ఒక రాత్రి అక్కడే పడుకోబెట్టి పరీక్ష చేశారు. డాక్టరు కాగితాలు తిరగేసి, నిద్రలో ఈయన గొంతు మాటిమాటికీ మూసుకుపోతోందని, ఊపిరి ఆగినప్పుడల్లా గుండె మీద దెబ్బ పడుతోందని చెప్పాడు. ఇలాగే వదిలేస్తే ఈసారి పోయేది వేలు కాకపోవచ్చన్నాడు.

బాబాయి అంతా విని, ఆ రాత్రంతా తను మేలుకునే ఉన్నానని, కాబట్టి పరీక్ష చెల్లదని వాదించాడు. డాక్టరు కాగితం వంక చూసి, ఆయన వంక చూసి, మిగతా విషయాలు నాతో మాట్లాడాడు.

అలా ఇంటికి గాలి మిషన్ వచ్చింది. టిఫిన్ డబ్బా అంత పెట్టె, దానికో గొట్టం, గొట్టం చివర ముక్కుకి తగిలించే మాస్కు. అది రాత్రంతా ముక్కులోకి గాలి ఒత్తిడితో పంపిస్తుంటే గొంతు మూసుకోకుండా ఉంటుందట. దాన్ని అమర్చడానికి కంపెనీ నుంచి వచ్చిన పిల్లకి బాబాయి గాలమ్మాయి అని పేరు పెట్టాడు. ఓపికమంతురాలు. పట్టీలు సర్ది, నోరు మూసుకుని ముక్కుతో పీల్చి ముక్కుతోనే వదలాలి అంకుల్ అని చెప్పి మిషన్ వేసింది.

బాబాయి కళ్లు గుండ్రంగా అయ్యాయి. ఏదో చెప్పబోయి నోరు తెరిచాడు. ముక్కులోంచి వెళ్లిన గాలి నోట్లోంచి ఈలవేసుకుంటూ బయటికొచ్చింది. మాట మాత్రం రాలేదు. మాస్కు పీకేసి, కదిలే రైల్లోంచి తల బయటపెట్టినట్టుందన్నాడు. పీల్చడం దాని చేతిలో ఉందట. వదలాలంటే దానితో కుస్తీ పట్టాలట.

మర్నాటి నుంచి ప్రతి పొద్దునా మాస్కు ఒక కొత్త చోట దొరికేది. మంచం కింద, కిటికీలో, ఒకరోజు చెప్పుల్లో. అడిగితే, దానంతట అదే వెళ్లిపోయిందనేవాడు. గాలమ్మాయి మళ్లీ వచ్చి, ఒత్తిడి తక్కువగా మొదలై నెమ్మదిగా పెరిగేలా మార్చింది. దొంగలా మెల్లగా వచ్చి పీక పట్టుకుంటోందన్నాడు. గొంతు ఎండకుండా తేమ కోసం నీళ్ల గిన్నె పెట్టింది. ముక్కులో చెరువు తవ్వారన్నాడు. చిన్న మాస్కు ఇచ్చింది, పెద్దది ఇచ్చింది. ఈలోగా ప్యాకింగులో కూర్చుని అట్టపెట్టెల మీద తల వాల్చి ఆలోచిస్తూనే ఉన్నాడు.

నాకు కోపమొచ్చింది. ఒక సాయంత్రం వాకిట్లో పట్టుకుని కడిగేశాను. నువ్వు పోతే పిన్నిని ఎవరు చూస్తారని అడిగాను. పిన్నికి కొన్నేళ్ల కింద పక్షవాతమొచ్చి కుడివైపు పడిపోయింది. తనంతట తను పక్కకి తిరగలేదు. రాత్రిళ్లు అటూ ఇటూ తిప్పేది బాబాయే.

బాబాయి లోపలి గది వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు.

"అది తగిలించుకుంటే నేను నిద్రపోతున్నానని పిన్నికి తెలిసిపోతుందే."

"తెలిస్తే ఏం?"

"లేపదు. నిద్ర చెడగొట్టడానికి మొహమాటం దానికి. జబ్బు చేసిన కొత్తలో అలాగే తెల్లార్లూ ఒకే పక్కన పడుంది, నన్ను పిలవలేదు. వీపంతా పుండు పడింది. కట్టు మార్చినప్పుడల్లా పళ్ల బిగువున ఓర్చుకుందే గాని అరవలేదు. ఆ పుండు మానేటప్పటికి నేను నిద్రపోవడం మానేశాను. నాకు నిద్ర పట్టదు, ఎప్పుడు పిలిచినా మేలుకునే ఉంటానని చెప్పేశాను. మరి అలా చెప్పినవాణ్ణి పగలు సోఫాలో నిద్రపోయానని ఎలా ఒప్పుకోను?"

అన్నేళ్లుగా మేం చెప్పుకుని నవ్విన కథలన్నీ వరసగా గుర్తొచ్చాయి.

మర్నాడు గాలమ్మాయికి ఫోన్ చేసి సంగతంతా చెప్పాను. ఆ పిల్ల కాసేపు ఆలోచించి, రాత్రి సంగతి పక్కన పెట్టండి, పగలు మెలకువగా ఉన్నప్పుడు ఏదో పని చేసుకుంటూ పెట్టుకోమనండి, అలవాటు పడనివాళ్లకి మేం మామూలుగా చెప్పేది ఇదే అంది. ఈ మాట చెప్పగానే బాబాయి ముఖం విప్పారింది. మెలకువగా ఉన్నప్పుడు కూడా మాస్కు పెట్టుకుంటే, ఇక మాస్కు పెట్టుకున్నవాడల్లా నిద్రపోతున్నట్టు కాదు కదా. ఆయనకి కావలసింది ఆ ఒక్క సందే.

ఇక చూడండి. ప్రెస్సు నుంచి వస్తూనే పిన్ని మంచం పక్కన కుర్చీ వేసుకుని మాస్కు తగిలించుకునేవాడు. అలాగే వెల్లుల్లి వలిచేవాడు, బట్టలు మడతపెట్టేవాడు, పేపర్లో వార్త మీద వేలు పెట్టి పిన్నికి చూపించేవాడు. ఆ ముఖంతో తలుపు తీస్తే పార్సిలు తెచ్చిన అతను సంతకం పెట్టించుకోకుండానే వెళ్లిపోయాడు. ఎదురింటావిడ బాబాయికి ఆక్సిజన్ పెట్టేశారని విని, చివరి చూపుగా సంచెడు పళ్లు పట్టుకొచ్చింది. బాబాయి చేతులు జోడించి పళ్లు తీసుకున్నాడు. ఆవిడ కళ్లొత్తుకుంటూ వెళ్లాక మాస్కు తీసి ఒక ఆపిల్ తిన్నాడు.

మొదట్లో కాసేపటికే ఊపిరాడటం లేదని పీకేసేవాడు. పిన్ని ఎడమచేత్తో ఆయన మోకాలి మీద మెల్లగా తడుతూ ఉండేది, పీల్చండి, వదలండి అన్నట్టు. పోనుపోను గాలితో కుస్తీ తగ్గింది. ఒక ఆదివారం మధ్యాహ్నం నేను కిందికి దిగేసరికి పిన్ని పెదాల మీద వేలు పెట్టి నన్ను ఆపింది. చేతిలో సగం మడిచిన తువ్వాలుతో, నోరు మూసుకుని, బాబాయి కుర్చీలోనే నిద్రపోయాడు. గురక లేదు. ఛాతీ లేస్తోంది, పడుతోంది. ఎక్కడా ఆగడం లేదు. ఆ మాత్రం దృశ్యాన్ని ఇద్దరం గుడ్లప్పగించి చాలాసేపు చూశాం.

అప్పటి నుంచి రాత్రిళ్లూ మాస్కు నిలిచింది. ఇంతలో కొత్త గొడవ. బాబాయి ఒక పొద్దున కంగారుగా మా వాటాకి వచ్చాడు. పిన్నికి ఏదో అయిందట. రాత్రిళ్లు ఒకసారో రెండుసార్లో తప్ప పిలవడం లేదట. ఇదివరకు గంట గంటకీ పిలిచేదట. మళ్లీ మొహమాటం మొదలైంది, మళ్లీ పుండు పడుతుంది అని భయపడిపోతున్నాడు. నేనెళ్లి పిన్ని వీపు చూశాను. ఎక్కడా ఎర్రగా కూడా లేదు. ఎందుకు పిలవడం లేదని అడిగాను.

"అవసరమైనప్పుడు పిలుస్తూనే ఉన్నానే. ఇదివరకు పిలిచినవి చాలావరకు నా కోసం కాదు," అంది పిన్ని. "గురక ఆగగానే నాకు ప్రాణం పోయినట్టుండేది. తట్టి లేపుదామంటే ఆయన మంచం దాకా చెయ్యి అందదు. నోరొక్కటే ఉంది. దిండు సర్దమనో, ఇటు తిప్పమనో ఏదో ఒకటి అడిగేదాన్ని. లేచేవాడు, ఊపిరి తీసుకునేవాడు. అంతే చాలు నాకు."

"అయితే ఆయన మేలుకుని ఉంటాడని నువ్వు నమ్మలేదా?"

"ఆ గురక విని ఎవరు నమ్ముతారే? నమ్మకపోతే చిన్నబుచ్చుకుంటాడని ఊరుకున్నాను."

బయట తలుపు చాటున నిలబడ్డ బాబాయికి ఇదంతా వినబడింది. లోపలికొచ్చి మంచం చివర కూర్చున్నాడు. పిన్ని ముఖం అటు తిప్పుకుంది. తర్వాత బాబాయి దిండు తీసి, దులిపి, మళ్లీ పెట్టాడు. ఈసారి ఎవరూ అడగలేదు.

పోయిన వేలు ఎలాగూ రాదు. గుండెకి మందులు వాడుతున్నాడు, పెద్దగా బరువులు ఎత్తొద్దన్నారు. ప్రెస్సులో కత్తి దగ్గరికి మళ్లీ వెళ్లనని తనే చెప్పి బైండింగులో కుదిరాడు. కాకపోతే నిద్ర చాలిన మనిషి ఇంతగా మాట్లాడతాడని మాకెవరికీ తెలీదు. అన్నేళ్ల కబుర్లు లోపల నిల్వ ఉండిపోయినట్టున్నాయి. దీపాలు పెట్టే వేళకి మొదలుపెడితే చిన్నప్పుడు బడి గోడ దూకిన దగ్గర్నుంచి చెప్పుకుంటూ వస్తాడు. పిన్ని ఓపికగా ఊఁ కొడుతుంది. దూకిన గోడనే రెండోసారి దూకబోయేసరికి మాత్రం ఎడమచేత్తో మాస్కు అందుకుని ఆయన ఒళ్లో పెడుతుంది.

"పెట్టుకోండి. నోరు తెరిస్తే గాలి పోతుందట."