పవరు లేని కళ్లజోడు

మా అమ్మ నా గురించి ఏం చెప్పింది? ఎనిమిదేళ్లుగా ఈ ప్రశ్న మోస్తున్నాను. జవాబు తెలిసిన మనిషి ఒక్కరే ఉండేవారు. తెనాలిలో ఒక కళ్లజోళ్ల షాపు పై గదిలో కూర్చుని మనుషుల బాధలు వినే మేడమ్ గారు. గత సోమవారం ఆవిడ పోయారని బాపట్లలో నేను పనిచేసే కాలేజీకి ఫోను వచ్చింది. ఏడుపు రాలేదు. ఒళ్లంతా అలసటగా అనిపించింది, అంతే.

నేను ఇంట్లో చెప్పకుండా పెళ్లి చేసుకున్నాక అమ్మ నాతో మాట్లాడటం మానేసింది. రేపల్లెలో అమ్మ దగ్గరికి వెళితే అన్నం పెట్టేది, పప్పులో నెయ్యి కూడా వేసేది. మాట మాత్రం ఉండేది కాదు. ఏడేళ్లు అలాగే గడిచాయి. ఒక వేసవిలో గుండె ఆగి అమ్మ పోయింది. ఆమె పెట్టెలో నల్ల ఫ్రేము కళ్లజోడు దొరికితే, నాకు సరిపడా అద్దాలు వేయించుకుందామని తెనాలి వెళ్లాను. ఆ షాపు పేరు కళ్లజోడు డబ్బా మీదే ఉంది.

షాపాయన అద్దాలను వెలుతురుకేసి పట్టి చూశాడు.

“వీటికి పవరేం లేదమ్మా. వట్టి అద్దాలే.”

“మరి ఎందుకు చేసిచ్చారండి?”

“పైకెళ్లేవాళ్లు చేయించుకుంటారమ్మా. ఊళ్లో ఎవరన్నా అడిగితే కళ్ల పరీక్షకెళ్లామని చెప్పుకోవాలిగా. రేపల్లె నుంచి రెండేళ్లపాటు గురువారాలు వచ్చిన పెద్దావిడవి కదూ ఇవి?”

అమ్మ రెండేళ్లపాటు ఆ మెట్లెక్కిందని నాకు అలా తెలిసింది. నేనూ ఎక్కాను.

మేడమ్ గారిదీ రేపల్లే, లూథరన్ క్రైస్తవ కుటుంబం. తండ్రి బడిపంతులు. మొదట నర్సుగా చేశారట. జ్వరం తగ్గినా ఇంటికి వెళ్లనని ఏడ్చే ఆడవాళ్లను చూసి చూసి, ముప్పై దాటాక సైకాలజీ చదివారు. బెంగళూరులో శిక్షణ పొంది తిరిగి ఇటే వచ్చారు. మాత్రలు రాయరు, సూది వెయ్యరు. “మరి ఈవిడేం డాక్టరు?” అనేవారు జనం. “డాక్టర్ని కాదనేగా నేనూ మొత్తుకునేది” అని నవ్వేవారు. కుర్చీ ఎదురుగా కాకుండా కాస్త పక్కకి వేసుకునేవారు, వచ్చినవాళ్లు కిటికీలోంచి వీధి చూస్తూ మాట్లాడుకోవచ్చని. మాట ఆగిపోతే మంచినీళ్ల గ్లాసు మీద మూత తీసి మన వైపు జరిపేవారు. తొందరపెట్టేవారు కాదు.

మొదటి రోజే అడిగేశాను, “మా అమ్మ నా గురించి ఏం చెప్పిందండి?”

“అది మీ అమ్మగారి గంపమ్మా. బరువని ఇక్కడ దించుకున్నారు. నేను తీసి నీ నెత్తిన పెట్టకూడదు.”

“తిట్టిందో లేదో, అదొక్కటి చెప్పండి చాలు.”

“తిట్టారంటే ఒకలా నలుగుతావు, లేదంటే ఇంకోలా. నీ సంగతి చెప్పు.”

కోపంగా దిగి వచ్చేశాను. పదిహేను రోజులకు మళ్లీ వెళ్లాను. తర్వాత ఏళ్ల తరబడి వెళుతూనే ఉన్నాను. ఇంకో రెండుసార్లు అదే అడిగాను, అదే జవాబు. ఒకసారి ఉండబట్టలేక “మీరొక బండరాయండీ” అన్నాను. “రాయి మంచిదేనమ్మా, బట్టలుతుక్కోడానికి పనికొస్తుంది” అన్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వాక చాలాసేపు ఏడ్చాను.

ఆవిడ పెళ్లి చేసుకోలేదు. చెవుడున్న అక్కగారితో ఉండేవారు. “రోజంతా వింటాను, ఇంటికెళితే నా మాట వినే దిక్కులేదు” అని హాస్యమాడేవారు. నేను మొదటిసారి వాళ్లింటికి వెళ్లినప్పుడు అక్కగారు వంటింట్లోంచి వీధంతా వినపడేలా అరిచారు, “ఎవరే ఆ పిల్ల? ఏం కష్టమొచ్చిందంట?”

“కష్టం లేదు, కాఫీకొచ్చింది!” అని మేడమ్ గారు అంతకంటే గట్టిగా అరిచారు.

చివరి రోజుల్లో బాగా అలిసిపోయారు. ఒకరు దిగి ఇంకొకరు ఎక్కేలోపు బల్ల మీద తల ఆన్చి కళ్లు మూసుకునేవారు. అది చూసి కూడా నేను కుర్చీలో కూర్చుని నా గొడవ మొదలుపెట్టేదాన్ని. ఇప్పుడు తలచుకుంటే సిగ్గేస్తుంది.

మేడమ్ గారి సమాధి దగ్గర నుంచి వచ్చాక అక్కగారు వాళ్లింటి వరండాలో నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు.

“అన్నీ నాకే చెప్పేదమ్మాయ్. సాయంత్రం కాఫీ తాగేటప్పుడు అటు తిరిగి మెల్లిగా మాట్లాడతా ఉండేది. పక్క నుంచి పెదాలు కదలడం కనపడేది. నాకు వినపడదని దానికి తెలుసుగా! నేను ఊఁ కొడతా ఉండేదాన్ని.”

ఇంటికొచ్చి అమ్మ కళ్లజోడు పెట్టుకున్నాను. అన్నీ ఎప్పటిలాగే కనిపించాయి. మేడమ్ గారు నాకు చెప్పకపోవడం నన్ను కాపాడటమో, శిక్షించడమో ఇవాళ్టికీ తేల్చుకోలేకపోతున్నాను. వినపడని మనిషికి చెప్పుకోవడం మాట తప్పడం అవుతుందో కాదో, అదీ తెలియదు. ఏదో ఒక సాయంత్రం మా అమ్మ మాట కూడా ఆ వరండాలోకి వచ్చే ఉంటుంది. అక్కగారు కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని, దానికీ ఊఁ కొట్టే ఉంటారు.